బ్యాటరీ రంపంతో పడిన చెట్లు కోయడం సరే, ఎండిన వేపచెట్టును పడగొట్టొచ్చా?

ప్రశ్న: నూజివీడు దగ్గర మాకు మామిడి తోట ఉంది. మొన్న వేసవిలో వచ్చిన గాలివానకు నాలుగు పెద్ద చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. మరికొన్నింటికి కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి. రంపం మిషన్ వాళ్లు దొరకడం లేదు, దొరికినా వాళ్లు అడిగే రేటు ఇవ్వలేకపోతున్నాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి చైన్ తిరిగే 12 అంగుళాల ఇనుప పట్టీ (బార్) ఉన్న బ్యాటరీ చైన్ సా ఒకటి, రెండు బ్యాటరీలతో ఆన్‌లైన్‌లో కొని పంపాడు. నేను పెట్రోల్ మిషన్ కూడా ఎప్పుడూ పట్టినవాణ్ని కాను. మా బావమరిది దీన్ని చూసి ‘ఇంత తేలిగ్గా ఉంది, ఒంటిచేత్తో కోసేయొచ్చు బావా’ అంటున్నాడు. మా ఆవిడ మాత్రం భయపడుతోంది. పశువుల కొట్టం పక్కన ఒక పెద్ద వేపచెట్టు ఎండిపోయి ఉంది, దాన్ని కూడా దీంతోనే పడగొట్టాలని నా ఆలోచన. దాని పక్కనుంచే మోటారుకు వెళ్లే కరెంటు వైరు ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? నాకు 52 ఏళ్లు. పేరు వేయవద్దు.

సమాధానం: ముందు వేపచెట్టు సంగతి చెప్పేస్తాను. దాన్ని మీరు ముట్టుకోకండి. ఒరిగిన మామిడి చెట్లు, విరిగి కిందపడిన కొమ్మలు, పొయ్యిలోకి కట్టెలు, ఇవన్నీ కొంచెం ఓపికగా నేర్చుకుంటే మీ కొత్త రంపంతో మీరే కోసుకోవచ్చు. వేపచెట్టును మాత్రం తాళ్లు కట్టి పైనుంచి ముక్కలు ముక్కలుగా దించే అనుభవం ఉన్నవాళ్లకు వదిలేయండి. ఎందుకో తర్వాత వివరంగా రాస్తాను. ఈలోపు ఎవరైనా ‘గంటలో పని’ అని రెచ్చగొట్టినా వినకండి.

మీ ఆవిడ భయపడటంలో న్యాయం ఉంది. మీ బావమరిది గారి మాట మాత్రం నిజంగా ప్రమాదకరం. పెట్రోల్ మిషన్ స్టార్ట్ అయిందంటే ఊరంతా వినిపిస్తుంది. ఆ చప్పుడుకే పిల్లలు దూరంగా పోతారు, పట్టుకున్న మనిషి కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. బ్యాటరీ రంపానికి ఆ చప్పుడు లేదు. ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చూసి చెప్పలేం. లాక్ బటన్ నొక్కి ట్రిగ్గర్ మీద వేలు వేస్తే చాలు, చైన్ ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. చైన్ మాత్రం రెండింటికీ ఒకటే. అవే పళ్లు, అదే పదును. మంచి బ్యాటరీ మిషన్లలో చైన్ సెకనుకు ఇరవై మీటర్లు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువ కూడా పరుగెడుతుంది. కరెంటుతో నడిచే చైన్ రంపం కొత్తగా వచ్చిందీ కాదు. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో తయారుచేసిన మొదటి చైన్ రంపం కరెంటుదే, దాన్ని ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు బరువు తగ్గింది, కోసే గుణం తగ్గలేదు.

అందుకే మొదటి అలవాటు ఇది చేసుకోండి: చైన్‌ను చేత్తో తాకాల్సి వస్తే ముందు బ్యాటరీ బయటికి తీయాలి. బిగించేటప్పుడు, పళ్లు సానబట్టేటప్పుడు, ఇరుక్కున్న బెరడు తీసేటప్పుడు, ఒక చెట్టు దగ్గర్నుంచి ఇంకో చెట్టు దగ్గరికి నడిచేటప్పుడు, కిందపెట్టి మంచినీళ్లు తాగడానికి వెళ్లేటప్పుడు కూడా. స్విచ్ ఆపాను కదా అనుకుంటే కుదరదు. బ్యాటరీ జేబులోనో సంచిలోనో ఉంటేనే ఆ రంపం ఆగినట్టు లెక్క. బార్ మీద తొడుగు వేసి మోయండి, బార్ వెనక్కి చూస్తూ ఉండాలి.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రమాదం, కిక్‌బ్యాక్. దీన్ని సరిగ్గా అర్థం చేసుకున్నాకే ట్రిగ్గర్ నొక్కండి. బార్ కొసన చైన్ గుండ్రంగా మళ్లే చోటు ఉంటుంది కదా, అందులో పై సగం చాలా చెడ్డది. అది దుంగకో, వెనకాల కనబడని కొమ్మకో తగిలితే పళ్లు చెక్కలో దిగబడి ఆగిపోతాయి. మోటారుకున్న శక్తంతా అప్పుడు బార్‌ను పైకి, వెనక్కి, అంటే నేరుగా మీ ముఖం మీదికి, మెడ మీదికి తిప్పుతుంది. రెప్పపాటులో అయిపోతుంది. ‘నేను జాగ్రత్తగా ఉంటాను, లాగి పట్టుకుంటాను’ అనుకునే వ్యవధి ఉండదు. ఎంత బలమున్నవాడికైనా అంతే.

దీనికి విరుగుడు ముందుగానే పట్టులో, నిలబడే తీరులో ఉండాలి. కుడిచేయి వెనక పిడి మీద, ఎడమచేయి ముందు పిడి మీద. ఎడమచేతివాటం వాళ్లకైనా ఇంతే, మిషన్ అలాగే తయారై ఉంటుంది. ఎడమచేతి బొటనవేలు పిడి చుట్టూ కిందినుంచి తిరిగి రావాలి, నాలుగు వేళ్ల పక్కన ఆనించి పెట్టకూడదు. ఎడమ మోచేయి మరీ వంగకుండా దాదాపు చాచినట్టే ఉంచండి. మీ తల, మెడ బార్‌కు సరిగ్గా వెనక ఉండకూడదు. బార్ ఉన్న గీతకు కొంచెం ఎడమగా నిలబడితే రంపం ఎగదన్నినా మీ కుడిభుజం పక్కనుంచి పోతుంది. భుజం కన్నా ఎత్తులో ఎప్పుడూ కోయొద్దు. నిచ్చెన ఎక్కి కోయొద్దు, చెట్టెక్కి కోయొద్దు. కొసతో పొడిచి కోత మొదలుపెట్టడం వీడియోల్లో చూస్తుంటారు, అది ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాళ్లు చేసేది, మీరు అటు పోకండి.

ముందు పిడికి అవతల నిలువుగా ఒక అడ్డు ఉంటుంది. చాలా రంపాల్లో అదే చైన్ బ్రేక్. కిక్‌బ్యాక్ వచ్చినప్పుడు మీ మణికట్టు తగిలో, ఆ కుదుపుకో అది ముందుకు పడి చైన్‌ను ఆపేస్తుంది. మీ మిషన్‌లో అది కదులుతుందో లేదో చూడండి. బిగుసుకుపోయిన ఉత్త ప్లాస్టిక్ ముక్క అయితే దానికి బ్రేక్ లేదని అర్థం. అలాంటిది అయితే అబ్బాయికి చెప్పి వాపసు చేయించండి, ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. 12 అంగుళాల బార్‌తో బ్రేక్ లేని రంపం వాడదగ్గది కాదు. బ్రేక్ ఉంటే రోజూ పని మొదలుపెట్టే ముందు పరీక్షించాలి: రెండు చేతులా పట్టుకుని చైన్ తిప్పుతూ, ఎడమ మణికట్టుతో అడ్డును ముందుకు తొయ్యండి. వెంటనే ఆగాలి. నెమ్మదిగా ఆగితే ఆ రోజు పని లేదు, సర్వీసుకు పంపాలి.

మీ బావమరిది గారు బహుశా నాలుగు, ఆరు అంగుళాల చిన్న రంపాలతో ఒంటిచేత్తో కొమ్మలు కోసే వీడియోలు చూసి ఉంటారు. వాటిలో చాలావాటికి చైన్ బ్రేక్ ఉండదు. ఒక చేత్తో రంపం పట్టుకుంటే రెండో చెయ్యి కొమ్మ పట్టుకోవడానికి పోతుంది, చైన్ దారిలో ఉండేది ఆ చెయ్యే. మీ రంపం ఆ రకం కాదు, దీన్ని ఒంటిచేత్తో పట్టుకునే ప్రశ్నే లేదు. ఆ చిన్న మిషన్ల బ్యాటరీల మీద 48, 88 అని పెద్ద అంకెలు వేసి అమ్ముతుంటారు, వాటిని కూడా నమ్మకండి. లిథియం సెల్లు ఒక్కోటి ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టులు. లోపల వరసగా ఐదు సెల్లులుంటే ఫుల్ ఛార్జ్‌లో కూడా 21 వోల్టులే. ఒక బ్యాటరీలో ఎంత సరుకుందో తెలియాలంటే అసలు వోల్టులను ఏహెచ్ (ఆంపియర్ అవర్) అంకెతో గుణించండి. 36 వోల్టుల 4 ఏహెచ్ బ్యాటరీలో 144 వాట్ అవర్లు ఉంటాయి.

ఒంటి మీద ఏం వేసుకోవాలంటే, లుంగీ, పంచె, మెడలో తుండు, వదులు చొక్కా ఏవీ వద్దు. చైన్‌కు చిక్కితే వదలదు. చేతులు మూసే చొక్కా, ఒంటికి పట్టిన ప్యాంటు, ముందు ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ బూట్లు వేసుకోండి. కళ్లకు పక్కలు కూడా మూసుకునే గాగుల్స్, లేదా హెల్మెట్‌కే ముఖం ముందు జాలీ ఉన్నది మేలు. తోటలో వేలాడే కొమ్మలున్నాయని రాశారు కాబట్టి హెల్మెట్ మీకు తప్పనిసరి. చప్పుడు తక్కువన్నా గంటలు గంటలు పని చేస్తే చెవులకు దెబ్బే, ఇయర్ మఫ్స్ పెట్టుకోండి. చైన్ సా ప్యాంట్లు, కాళ్లకు ముందు కట్టుకునే చాప్స్ అని దొరుకుతాయి. వాటి లోపల పొడవాటి దారాల పొరలుంటాయి. చైన్ తగలగానే ఆ దారాలు బయటికి లాగబడి మోటారు పళ్లచక్రానికి చుట్టుకుని దాన్ని ఆపుతాయి. ఐఎస్ఓ 11393 అనే ప్రమాణం రాసి ఉన్నది చూసి కొనండి. అందులో క్లాస్ 1 అంటే సెకనుకు 20 మీటర్ల చైన్ వేగానికి పరీక్షించినది. ఖరీదెక్కువే, కానీ రంపం మీద పెట్టిన డబ్బు కంటే దీని మీద పెట్టినది ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఎడమ మోకాలు, ఎడమ తొడ ఈ పనిలో గాయపడే చోట్లు. ఒక్క మాట, కొన్ని చాప్స్‌ను పెట్రోల్ మిషన్లకు మాత్రమే అని అమ్ముతారు. కరెంటు మోటారు లాగుడు వేరు కాబట్టి బ్యాటరీ రంపానికి పనికొస్తుందా అని కొనేముందు అడగండి. ఏది వేసుకున్నా అది రెండో రక్షణే అనుకోండి.

చైన్ బిగువు, ఆయిల్. బ్యాటరీ మిషన్‌కు పెట్రోల్ అక్కర్లేదు గానీ చైన్ ఆయిల్ కావాలి, చాలామంది దీన్ని మర్చిపోయి బార్ కాల్చేసుకుంటారు. ట్యాంకు నింపి, రంపం కొసను ఒక తెల్ల కాగితం మీద నాలుగంగుళాల ఎత్తున పట్టి కాసేపు తిప్పితే కాగితం మీద నూనె గీత పడాలి. పడకపోతే ఆయిల్ దారి మూసుకుపోయిందన్నమాట. వాడేసిన ఇంజనాయిల్ పోయకండి, అందులో ఇనుప రజను ఉంటుంది. బిగువు చూడాలంటే బ్యాటరీ తీసి, గ్లౌజు వేసుకుని బార్ మధ్యలో చైన్‌ను పైకి లాగండి. కొంచెం లేవాలి, కానీ కింది పళ్లు బార్ గాడిలోంచి పూర్తిగా బయటపడకూడదు. చేత్తో లాగితే సాఫీగా తిరగాలి. కొత్త చైన్ మొదటిరోజు సాగుతుంది, ప్రతి బ్యాటరీ మార్పుకూ ఒకసారి చూసుకోండి. వేడి మీద బిగించిన చైన్ చల్లారితే ముడుచుకుని పట్టేస్తుంది, కాబట్టి పని అయ్యాక కాస్త వదులు చేసి పెట్టాలి.

పదును విషయంలో మాత్రం బద్ధకం వద్దు. మొద్దుబారిన చైన్ పదునైన చైన్ కంటే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది కోయదు కాబట్టి మీరు నొక్కుతారు, నొక్కితే పట్టు తప్పుతుంది. కోతలోంచి పెళుసు పెళుసుగా చిన్న పేళ్లు రాలుతుంటే పదునుంది. పిండిలా పొట్టు రాలుతున్నా, చెక్క నల్లబడి పొగ వస్తున్నా ఆపేయాలి. మట్టికి ఒక్కసారి తగిలితే చాలు పదును పోతుంది. ఒరిగిన చెట్ల వేళ్ల దగ్గర, వాన బురద అంటిన మొదళ్ల దగ్గర ఇది చూసుకోండి, ముందు బ్రష్షుతో బురద దులపండి. కంచె కోసం ఎప్పుడో కొట్టిన మేకులు, చెట్టు మింగేసిన ముళ్లతీగ కూడా ఉంటాయి, తోట హద్దు మీది చెట్లయితే ముందు బెరడంతా చూసి మరీ కోయాలి.

ఆ పళ్లు ఎందుకలా ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంగి ఉంటాయో చెబుతాను, మామిడి రైతుకు ఇది నచ్చుతుంది. 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు ఒక మొద్దులో చెక్కను తొలుస్తున్న పెంకుపురుగు పిల్లను గమనించాడట. అది తన దవడలతో చెక్కను ఎడమకూ కుడికీ కోసుకుంటూ నిలువుకూ అడ్డానికీ ఒకేలా పోతోంది. ఆ దవడల ఆకారంలోనే అతను పళ్లు తయారుచేశాడు, ఇప్పటి చైన్లన్నీ దాని వంశమే. మీ తోటలో కాండం తొలిచే పురుగు ఎంత పని చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సాన పట్టేటప్పుడు ఆ వంపు చెడకూడదు. 12 అంగుళాల మిషన్లకు ఎక్కువగా వచ్చే చిన్నరకం 3/8 అంగుళం పిచ్ (లింకుల మధ్య దూరం) ఉన్న చైన్‌కు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది, అయినా మీ చైన్ ప్యాకెట్టు మీద ఏమని ఉందో చూసి కొనండి. పంటి మీద ఉన్న ఏటవాలు గీతను అనుసరించి, లోపల్నుంచి బయటికి మాత్రమే తోస్తూ, ప్రతి పంటికీ అన్నే సార్లు రాయాలి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అయితే కోత వంకరగా పోతుంది.

ఇక పని. మొదటి నాలుగైదు రోజులు తోటలోకి పోకండి. ఇంటి దగ్గర కర్రలతో ఎక్స్ ఆకారంలో స్టాండ్ కట్టుకుని, చేతి మందం కొమ్మలు పెట్టి కోయండి. బార్ కింది వైపుతో కోస్తే చైన్ రంపాన్ని ముందుకు, చెట్టువైపు లాగుతుంది. పై వైపుతో కోస్తే మీ వైపు తోస్తుంది. ఈ రెండూ చేతులకు అర్థం కావాలి. రంపం మొదలు భాగంలో ఉండే ముళ్ల పట్టీని దుంగకు ఆనించి, చైన్ పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకు తగిలించండి. నొక్కకండి, దాని బరువుకే అది దిగాలి. కోత చివరికి వచ్చేసరికి బరువంతా మీ చేతుల్లోకి ఒక్కసారిగా వస్తుంది, అక్కడ పట్టు వదిలితే చైన్ ఎడమ కాలి మీదికి వస్తుంది.

తోటలో ఒరిగిన చెట్లలో అసలు చిక్కు వేరే ఉంది, మీరు చాలాసేపు ఆలోచించాల్సింది అక్కడే. నిలబడ్డ చెట్టు కన్నా పడిన చెట్టు సులువు అనుకుంటారు, కాదు. పడిన చెట్టులో ప్రతి కొమ్మ ఏదో ఒకదాని కింద నలుగుతూనో, వంగి బిగుసుకునో ఉంటుంది. కొమ్మ వంగితే లోపలి వైపు నొక్కుకుపోతుంది, బయటి వైపు సాగి బిగుస్తుంది. బిగిసిన వైపు ముందు కోస్తే కొమ్మ చీలి ఎగురుతుంది. నొక్కుకున్న వైపు ఒకేసారి లోతుగా కోస్తే బార్ ఇరుక్కుంటుంది. అందుకని ముందు నొక్కుకున్న వైపు మందంలో మూడో వంతు దాకా కోసి ఆపి, తర్వాత బిగిసిన వైపు నుంచి కొద్దికొద్దిగా వచ్చి కలపాలి. దుంగ రెండు కొసల్లో ఆని మధ్యలో గాలిలో ఉంటే పైభాగం నొక్కుకుని ఉంటుంది, ముందు పైనుంచి కొంచెం, ఆ తర్వాత కిందినుంచి. ఒక కొసే ఆని రెండోది గాలిలోకి చాచుకుని ఉంటే తారుమారు, ముందు కిందినుంచి కొంచెం, ఆ తర్వాత పైనుంచి. రంపం ఇరుక్కుంటే లాగి కొట్లాడకండి. బ్యాటరీ తీసేసి, పలుగుతో దుంగను ఎత్తి, లేదా ప్లాస్టిక్ చీల (వెడ్జ్) కొట్టి కోతను తెరిచి తీయండి. నేల మీద ఆనుకున్న దుంగను నాలుగింట మూడొంతులు కోసి, పలుగుతో దొర్లించి, మిగిలింది అటువైపు నుంచి కోయండి, చైన్ మట్టిలో దిగదు.

కొమ్మలు నరికేటప్పుడు మొదలు వైపు నుంచి కొస వైపు పోతూ, మీకూ రంపానికీ మధ్య కాండం ఉండేలా చూసుకోండి. చెట్టు కింద మోస్తున్న కొమ్మలను చివరికి వదలండి, వాటిని ముందు కోస్తే కాండం మీ కాళ్ల మీదికి దొర్లుతుంది. వాలు మీద అయితే మీరు ఎగువన ఉండాలి. సన్నటి కొమ్మ విల్లులా వంగి దుంగ కింద ఇరుక్కుని ఉంటే దాని ఎదురుగా నిలబడొద్దు.

వేళ్లతో లేచిన మట్టిగడ్డ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెట్టు ఒరిగినప్పుడు ఆ వేళ్ల దిమ్మ నిలువుగా లేచి, కింద పెద్ద గొయ్యి పడుతుంది. కాండం బరువే దాన్ని అలా పట్టి ఉంచుతుంది. మీరు కాండం కోసేసరికి ఆ దిమ్మ టక్కున వెనక్కి, తన గోతిలోకి పడిపోవచ్చు, లేదా మీ మీదికి ఒరగొచ్చు. గోతిలో పిల్లలు ఆడుకుంటుంటే, మేక కట్టేసి ఉంటే ఏమవుతుందో ఊహించండి. ఆ కోత వేసే రోజు గొయ్యి చుట్టూ ఎవరూ ఉండకూడదు. దిమ్మకు ఆనుకుని కాకుండా కొన్ని అడుగుల కాండం వదిలి కోయండి, ఆ దిమ్మను తర్వాత జేసీబీతో లాగించొచ్చు. పై కొమ్మలన్నీ మీరు తీసేసి, ఆ చివరి పెద్ద కోత ఒక్కటి అనుభవం ఉన్న మిషన్ మనిషి చేత చేయిస్తే ఇంకా మంచిది. ఒక పూట కూలితో నాలుగు చెట్లకూ అయిపోతుంది. మీ బార్ 12 అంగుళాలు కాబట్టి పది అంగుళాల మందం దాకానే హాయిగా కోయగలదు. టేపుతో చుట్టుకొలత తీసి మూడుతో భాగిస్తే మందం తెలుస్తుంది.

మామిడి పొట్టు, సొన చర్మానికి పడకపోవచ్చు, మీకు తెలిసిందే. కోసే రోజు చేతులు, మెడ కప్పుకోండి, సాయంత్రం ముందు సబ్బుతో కడుక్కున్నాకే ముఖం తుడుచుకోండి. కోసే ముందు కందిరీగల గూడు, తేనెపట్టు, దుంగల కింద పాములు కూడా చూసుకోవాలి.

నిలబడ్డ చెట్టు పడగొట్టడం నేర్చుకోవాలని ఉంటే, హద్దు గట్టు మీద తిన్నగా పెరిగిన ఎనిమిది అంగుళాల లోపు సుబాబుల్ లాంటి చెట్టుతో, చుట్టూ ఖాళీ పొలం ఉన్నచోట, తెలిసినవాణ్ని పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో మనుషులు, పశువులు ఉండకూడదు. పడే దిక్కుకు వెనకగా, ఏటవాలుగా ఎడమకొకటి, కుడికొకటి పారిపోయే దారులు ముందే శుభ్రం చేయాలి. సూటిగా వెనక్కి కాదు, చెట్టు మొదలు ఒక్కోసారి వెనక్కే తన్నుతుంది. పడాల్సిన వైపు ముందు గాటు పెట్టాలి, మందంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా, నోరు బాగా తెరుచుకుని. తర్వాత వెనక నుంచి కోత, ముందు గాటు అడుగుకన్నా అంగుళం పైన. ఆ రెండూ కలవకూడదు. మధ్యలో మందంలో పదో వంతు చెక్క అడ్డంగా మిగలాలి. తలుపుకు బందు ఎలాగో చెట్టుకు ఆ చెక్క అలాగ, చెట్టును పట్టుకుని ఒకే వైపుకు తిప్పుతూ నేలకు దించుతుంది. ఆ బందును పూర్తిగా కోసేశారంటే చెట్టు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కోత వెనక ప్లాస్టిక్ చీల పెట్టాలి, ఇనుపది పెడితే చైన్ తగిలి పళ్లు ఊడిపోతాయి. చెట్టు కదలగానే రంపం వదిలి, పైకి చూస్తూ ఏటవాలు దారిన వెళ్లిపోవాలి. బాగా ముందుకు వాలిన చెట్టు జోలికి పోవద్దు, సగం కోతలో నిలువునా చీలి, ఆ చీలిక కోసేవాడి ఛాతీకి వస్తుంది. కొబ్బరి, తాడి చెట్లు కూడా వద్దు. వాటి కాండం పీచు, అందులో బందు నమ్మకంగా పని చేయదు.

ఇప్పుడు మీ వేపచెట్టును దీని పక్కన పెట్టి చూడండి. ఎండిన చెక్క పెళుసు, బందు వంగకుండా పుటుక్కున విరుగుతుంది, చెట్టు దారి తప్పుతుంది. కోసేటప్పుడు వచ్చే అదురుకే పైన ఎండుకొమ్మలు నెత్తిన పడతాయి, చీల కొడితే ఇంకా ఎక్కువ. మొదట్లో లోపల బోలుగా ఉండొచ్చు. పెద్ద చెట్టు అన్నారు, దాని మందం మీ బార్ కన్నా ఎక్కువే అయి ఉంటుంది. ఒకవైపు పశువుల కొట్టం, ఒకవైపు కరెంటు వైరు. ఇన్ని కలిసిన చోట నేర్చుకునేవాడు నిలబడకూడదు. వైరు సంగతి ముందు మీ లైన్‌మన్‌తో మాట్లాడండి, లేదా 1912కు ఫోన్ చేయండి. ఎల్‌సీ (లైన్ క్లియర్ అనే అనుమతి) తీసుకుని లైన్ ఆపాకే ఎవరైనా ఆ చెట్టెక్కాలి. ఫ్యూజు మనమే పీకేసి సరే అనుకోవడం కుదరదు. పశువులను ఆ రోజు వేరే చోట కట్టేయండి.

చెట్టు మన పొలంలోదైనా కోయడానికి అనుమతి కావాల్సి ఉండొచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెట్ల నరికివేతకూ వర్తిస్తుంది. చెట్టు రకాన్ని బట్టి నియమం మారుతుంది కాబట్టి మీ అటవీ రేంజ్ ఆఫీసులో వేప గురించి, పడిన మామిడి కలప బయటికి తోలడం గురించి ముందే అడిగి కాగితం తీసుకోండి.

బ్యాటరీల గురించి కొంచెమే. మే నెల ఎండలో బండి మీదో కారులోనో వదలొద్దు. పనిలో వేడెక్కినదాన్ని నీడలో చల్లార్చాకే ఛార్జింగ్ పెట్టండి. ఉబ్బినది, కింద పడి పగిలినది వాడొద్దు. రెండు బ్యాటరీలున్నాయి కదా అని ఒకదాని వెంట ఒకటి వేసి ఆపకుండా కోయకండి, ఒకటి అయిపోగానే కూర్చుని నీళ్లు తాగి, చైన్ చూసుకోండి. అలిసిన చేతులతోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పొద్దున చల్లపూట మొదలుపెట్టి ఎండ ముదిరే లోపు ముగించండి. తడిసిన చెట్ల మీద, వానలో వద్దు.

ఒంటరిగా ఎప్పుడూ కోయొద్దు. పిలిస్తే వినబడే దూరంలో ఒక మనిషి ఉండాలి, మీ బావమరిది గారికి ఈ పని ఇవ్వండి. ఫోన్ చెట్టు కింద సంచిలో కాకుండా మీ జేబులో ఉండాలి. గాయమైతే శుభ్రమైన గుడ్డ పెట్టి రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టాలి, రక్తం తడిసినా ఆ గుడ్డ తీయకుండా పైన ఇంకోటి వేసి నొక్కాలి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. పసుపు, కాఫీ పొడి పూయొద్దు, డాక్టరు అదంతా కడిగే సరికి సమయం పోతుంది. తోటకు అంబులెన్స్ ఏ దారిన రావాలో, ఏ గుర్తు చెప్పాలో ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి.

వేలాడుతున్న కొమ్మలు చివరగా. వాటి కింద నిలబడి ఏ పనీ చేయకండి, ముందు వాటిని దించాకే ఆ చెట్ల కింద కట్టెలు ఏరాలి. భుజం ఎత్తుకు పైన ఉన్నవాటికి మీ రంపం కాదు, పొడుగు గడకు బిగించిన రంపం కావాలి. దాంతో కోసినా కొమ్మకు సరిగ్గా కింద కాకుండా పక్కకు జరిగి నిలబడాలి. బరువు కొమ్మ అయితే ముందు కిందివైపు చిన్న గాటు పెట్టి, దానికి కొంచెం అవతల పైనుంచి కోసి దించండి, బెరడు కాండం దాకా చీలదు. మిగిలిన మోడును కాండం దగ్గర నునుపుగా కోసి, మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూయండి.